పిలుపుగింజ

2074 నాటికి విశాఖలో మనిషికి ఒంటినిండా బట్ట ఉందో లేదో ఎవరూ పట్టించుకోవడం లేదు గానీ, కంటినిండా నిద్రపోయాడో లేదో మాత్రం ప్రతి తలుపూ అడుగుతోంది. బస్సు నడిపే మనిషైనా, కత్తి పట్టే సర్జనైనా పనిగదిలోకి అడుగుపెట్టే ముందు మణికట్టు చూపించాల్సిందే. అక్కడ చర్మం కింద అతికించిన చిన్న బిళ్ళ ముందురాత్రి నిద్ర ఎంత లోతుగా పట్టిందో, రక్తంలో ఆక్సిజన్ ఎప్పుడెప్పుడు పడిపోయిందో తలుపుకి చెప్పేస్తుంది. దాన్ని నిద్ర చీటీ అంటారు. కాగితం ముక్క ఎక్కడా లేకపోయినా ఎందుకో ఆ పేరే స్థిరపడిపోయింది. పచ్చదీపం వెలిగితే పనికి, ఎర్రదీపం వెలిగితే ఇంటికి.

కోరాడ నరసింగరావుకి ఏడు నెలలుగా రోజూ పచ్చే. కొత్తరేవులో కంటెయినర్లు దించే నాలుగు క్రేన్లను ఒక గదిలో కూర్చుని నడిపించడం అతని ఉద్యోగం. యాభై నాలుగేళ్ళ వయసులో ఇంత హాయిగా పని చేసుకోగలనని అతను అనుకోలేదు. రక్తపోటు దారికొచ్చింది. పొద్దున్నే నుదుటి మీద బండ పెట్టినట్టుండే తలనొప్పి ఏమైపోయిందో తెలీదు. గుండె దడదడలాడటం మానేసింది. మధ్యాహ్నం భోజనం తర్వాత కూడా కళ్ళు చక్కగా తెరుచుకునే ఉంటున్నాయి.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటే అతనికి అర్థం కావడం లేదు. భార్య నూకరత్నం తనతో మాట్లాడటం ఎందుకు మానేసింది?

మానేసిందంటే పూర్తిగా కాదు. ఏ గంటకో ఒకసారి ఎదురుగా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేది. ఎన్నిసార్లు పిలవాలని అడిగేది. నువ్వెప్పుడు పిలిచావని అతను అడిగేవాడు. ఆవిడ అతని మొహంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయేది. ఆ చూపులో కోపం కన్నా ఇంకేదో ఉండేది, అదేమిటో అతనికి అంతుపట్టేది కాదు. పిలవకుండానే పిలిచానంటోంది, ఈవిడకి మతిమరుపు గానీ మొదలవలేదు కదా అని అతను భయపడ్డాడు. వినబడకుండానే వినబడలేదంటున్నాడు, ఈయనకి చెవుడు గానీ రాలేదు కదా అని ఆవిడ భయపడింది. ఒకరికి తెలియకుండా ఒకరు డాక్టర్ల దగ్గర కనుక్కున్నారు. ఆవిడ జ్ఞాపకశక్తి దివ్యంగా ఉందన్నారు. అతని చెవులకి పాతికేళ్ళ కుర్రాడి చెవులకున్నంత పదునుందన్నారు. దాంతో ఇద్దరికీ అయోమయం రెట్టింపైంది.

అసలు కథ మూడేళ్ళ వెనక మొదలైంది. ఒక మధ్యాహ్నం నరసింగరావు క్రేను మీటలు పట్టుకుని ఆరంటే ఆరు క్షణాలు కునుకు తీశాడు. ఆ ఆరు క్షణాల్లో పన్నెండు టన్నుల కంటెయినర్ వెళ్ళి కింద నిలబడ్డ ట్రక్కు నెత్తిన కూర్చుంది. డ్రైవర్లు లేని ట్రక్కులు కాబట్టి ప్రాణం పోలేదు. పరీక్షలు చేస్తే స్లీప్ అప్నియా అని తేలింది. నిద్రలో గొంతు కండరాలు సడలిపోతాయి, నాలుక వెనక్కి జారుతుంది, గాలిదారి మూసుకుపోతుంది. ఆక్సిజన్ అందక మెదడు కంగారుపడి ఒక్క కుదుపు కుదుపుతుంది. మనిషి గుర్రుమని గాలి పీల్చుకుని మళ్ళీ పడుకుంటాడు, తను లేచినట్టు తనకే తెలియదు. నరసింగరావుకి ఇది గంటకి నలభై రెండుసార్లు జరుగుతోంది. ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా అతను నిజంగా నిద్రపోయింది ఏమీ లేదు. గుండె, రక్తపోటు, షుగరు, చిరాకు, మతిమరుపు అన్నీ ఆ ఒక్క మూసుకుపోయిన దారి గుండానే లోపలికి వచ్చాయి.

అతను గురక పెడుతూ ఆగిపోయినప్పుడల్లా పక్కనున్న నూకరత్నం మోచేత్తో పొడిచేది. ఇరవై ఏళ్ళు పొడిచింది. జబ్బు అతనిదైనా నిద్ర లేనిది ఇద్దరికీ. ముక్కుకి గొట్టం, మొహానికి మాస్కు పెట్టే పాత యంత్రం ఒకటిచ్చారు. మంచి యంత్రమే, లక్షలమందిని బతికించింది. నరసింగరావు మాత్రం నిద్రలోనే దాన్ని పీకి పారేసేవాడు. తెల్లారి అది మంచం కింద ఇంకా గాలి ఊదుతూ దొరికేది.

ఆ సమయంలో డాక్టర్ పైడితల్లి పిలుపుగింజ కనిపెట్టింది. బియ్యపు గింజంత పరికరం. చెవి వెనక ఎముకలో పెడతారు. ఊపిరి ఎనిమిది క్షణాలు ఆగిందంటే అది ఎముక ద్వారా, ఆ మనిషికి మాత్రమే వినబడేట్టు ఒక మాట పలుకుతుంది. నిద్రలో ఉన్న మెదడు ఎన్ని చప్పుళ్ళనైనా వదిలేస్తుంది గానీ తనని పిలిచే పిలుపుని వదలదు. ఆ పిలుపుకి మెదడు కాస్త తల ఎత్తుతుంది, గొంతు కండరం బిగుసుకుంటుంది, దారి తెరుచుకుంటుంది. కిటుకంతా ఆ మాటని ఎంచుకోవడంలో ఉంది. ఆ మాట ఊపిరి తీయించాలి, కానీ మెలకువ తెప్పించకూడదు. మరీ మెత్తటి పిలుపైతే ఊపిరి రాదు, మరీ ముఖ్యమైన పిలుపైతే మనిషి లేచి కూర్చుంటాడు.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: ఇంట్లో మిమ్మల్ని ఎక్కువగా ఏ పేరుతో పిలుస్తారు? అందరూ చంటి, బుజ్జి, పెద్దోడు అని రాశారు. నరసింగరావు బాగా ఆలోచించి, నిజాయితీగా, "ఏవండీ" అని రాశాడు. పైడితల్లి చదివి నవ్వుకుంది, అది పేరెలా అవుతుందని. అయినా నూకరత్నాన్ని కూర్చోబెట్టి ఆ ఒక్క మాటనే నలభై రకాలుగా అనిపించి గింజలో నింపింది. గింజ పెట్టిన మొదటి పదిహేను రోజులూ అది ఏమీ పలకదు, రాత్రీ పగలూ ఊరికే వింటూ కూర్చుంటుంది. దాన్ని మూగ పక్షం అంటారు. ఆ తర్వాతే నోరు విప్పుతుంది.

మిగతా రోగులకి నూటికి డెబ్భై వంతులు ఊపిరి సర్దుకుంటే గొప్ప. నరసింగరావుకి తొంభై ఏడు వంతులు సర్దుకుంది, అదీ ఒక్కసారైనా మెలకువ రాకుండా. పదకొండు వేలమంది రోగుల్లో అలాంటి ఫలితం ఇంకొకటి లేదు. పైడితల్లి అతని గ్రాఫు పటం కట్టించి గోడకి పెట్టుకుంది. అంత బాగా ఎందుకు పనిచేసిందో మాత్రం ఆవిడకీ తెలీదు.

ఇదంతా ఇలా ఉండగా ఆ ఆదివారం వచ్చింది. పొద్దున్న పదకొండు గంటలవేళ నరసింగరావు హాల్లో కుర్చీ వేసుకుని చెస్ లెక్క ఒకటి సాధిస్తున్నాడు. ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. మనసు తేలిగ్గా ఉంది, ఊపిరి గుండెల నిండా ఆడుతోంది. ముప్పావుగంట తర్వాత మంచినీళ్ళకని లేచి వెళితే వెనక బాల్కనీలో బట్టలు ఉతికే చోట నూకరత్నం తడినేల మీద పడి ఉంది. కుడికాలు పక్కకి తిరిగిపోయి ఉంది. ఆవిడ ఏడవడం లేదు. గోడకేసి చూస్తోంది.

"పిలిచానండీ" అంది. "ఇరవైసార్లు పైనే పిలిచాను. మధ్యలో ఒకసారి మీ కుర్చీ కిర్రుమంది కూడా. వస్తన్నారనుకున్నాను."

హాలుకీ బాల్కనీకీ మధ్య పది అడుగులు కూడా లేవు, తలుపు కూడా తీసే ఉంది.

తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ చేసి, ఆరు వారాలు జాగ్రత్తగా ఉండాలన్నారు. నూకరత్నం మత్తులోంచి తేరుకున్నాక అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. "జబ్బు మనిషి, నిద్ర లేని మనిషి అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాను. ఇప్పుడు జబ్బు లేదు కదేటి" అని మాత్రం అని అటు తిరిగి పడుకుంది. ఆ మాట అతని గుండెలో మేకులా దిగింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ అతన్ని వదిలి పోతానని ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనలేదు. కానీ పుట్టింటి నుంచి వచ్చిన తమ్ముడితో, ఆస్పత్రి నుంచి తిన్నగా మీ ఇంటికే తీసుకెళ్ళమని చెప్పడం అతను విన్నాడు. ఆ మాటలు మాత్రం ఎంత నెమ్మదిగా అన్నా స్పష్టంగా వినబడ్డాయి.

అతను తిన్నగా పైడితల్లి దగ్గరికి వెళ్ళి గింజ తీసెయ్యమన్నాడు.

"తీసేస్తే మూణ్ణెల్లలో మళ్ళీ పాత కథే నరసింగరావు గారూ" అంది పైడితల్లి. "ఉద్యోగం సంగతి అటుంచండి. మీ గుండె తట్టుకోదు."

"మా ఆవిడ పిలుపు నాకు వినబడకుండా చేసింది డాక్టరమ్మా ఇది. రాత్రంతా అదే మాట నా చెవిలో చెప్పి చెప్పి, పగలు నిజంగా పిలిస్తే లేవకుండా చేసింది. ఇంకేటి చెయ్యాలి?"

పైడితల్లి మొహం పాలిపోయింది. అతను చెప్పింది శాస్త్రానికి అందని మాట కాదు. ఒక మాటకి ఊపిరి పీల్చుకుని పడుకోవడం మెదడు అలవాటు చేసుకుంటే, పగలు మాత్రం అలవాటు ఎక్కడికి పోతుంది? నిజంగా అదే జరిగితే పదకొండు వేలమంది గింజలూ తీయాలి. ఆవిడ చదువరిని ముందుకు లాగింది. గింజలో నమోదైనదంతా చదివి చెప్పే యంత్రం అది. కోపం తాపం లేకుండా, పాఠం చెప్పే మేష్టారిలా మాట్లాడుతుంది.

ఆదివారం పదకొండు గంటల నుంచి ఏం జరిగిందో చెప్పమంది పైడితల్లి.

"నలభై ఆరు నిమిషాల వ్యవధిలో 'ఏవండీ' అన్న పిలుపు ఇరవై మూడుసార్లు ఎముకకు చేరింది" అంది చదువరి. "ఇరవై మూడుసార్లూ వీరు దీర్ఘంగా ఊపిరి తీసుకున్నారు. పన్నెండవసారి కుర్చీలో ఎడమవైపుకు ఒత్తిగిలారు. సమాధానం లేదు."

నరసింగరావు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆ ఉదయం ఊపిరి గుండెల నిండా ఆడటం గుర్తొచ్చింది. దానికి అతను మురిసిపోయాడు కూడా.

ఈ అలవాటు ఏ నెలలో మొదలైందో తెలిస్తే మిగతావాళ్ళని ఆ లోపు కాపాడుకోవచ్చునని పైడితల్లికి తోచింది. వెనక్కి వెళ్ళి మొదటి రోజు నుంచీ చదవమంది. చదువరి ఏడు నెలలూ వెనక్కి వెళ్ళి, అక్కడ ఆగకుండా ఇంకా వెనక్కి వెళ్ళింది.

"మూగ పక్షం. గింజ ఇంకా ఒక్క మాటా పలకలేదు" అంది. "ఆ పదిహేను పగళ్ళలో పిలుపులు నూట ఎనభై ఎనిమిది. దీర్ఘంగా ఊపిరి తీసినవి నూట ఎనభై ఒకటి. సమాధానం ఇచ్చినవి పదకొండు."

పైడితల్లి మళ్ళీ చదవమంది. చదువరి అదే గొంతుతో అవే అంకెలు చదివింది. గదిలో ఇద్దరూ చాలాసేపు ఆ యంత్రాన్నే చూస్తూ ఉండిపోయారు, అదేమైనా సర్దిచెబుతుందేమోనని. యంత్రానికి సర్దిచెప్పడం రాదు.

"గింజ మీకేమీ నేర్పలేదండీ" అంది చివరికి పైడితల్లి, గోడ మీది పటం వైపు చూస్తూ. "మీ దగ్గరే నేర్చుకుంది. ఊపిరి తియ్యాలి, లేవకూడదు. ఆ విద్య మీకు ముందునుంచీ వచ్చు. అందుకే మీ మీద అంత బాగా పనిచేసింది."

నరసింగరావుకి కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది, తర్వాత ఏదీ తెలియనట్టయింది. ఏడు నెలల కిందట భార్య మాట్లాడటం మానేసిందనుకున్నాడు. నిద్ర తీరి బుర్ర పనిచెయ్యడం మొదలయ్యాక, ఇంట్లో మాటల్లేవన్న సంగతి మొదటిసారి గమనించాడు, అంతే. మాటలు అంతకుముందే పోయాయి. జబ్బున్నన్నాళ్ళూ జబ్బు వెనక దాక్కున్నాడు. జబ్బు నయమయ్యాక గింజ వెనక దాక్కుందామని వచ్చాడు.

ఆస్పత్రికి వెళ్ళి నూకరత్నం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. అంకెలతో సహా చెప్పాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. పదకొండుసార్లు పలికానన్నది మాత్రం నమ్మలేకపోయింది, అన్నిసార్లు ఎప్పుడు పలికారని అడిగింది. ఆ నూట డెబ్భై ఏడుసార్లూ ఎందుకు పిలిచావని అతను అడిగాడు. ఆవిడ పైకప్పు వైపు చూస్తూ ఆలోచించింది.

"అన్నీ ఏం గుర్తుంటాయండీ. కూరలో ఉప్పు చూడమనో ఏటో. ఒకరోజు మాత్రం బాల్కనీలోంచి చూస్తే సముద్రం సగం ఆకుపచ్చగా, సగం నల్లగా ఉంది. గీత గీసినట్టుంది మధ్యలో. చూద్దురు గానీ రమ్మని పిలిచాను. మీరొచ్చీసరికి ఉండదు కదా అది."

నరసింగరావు కళ్ళు తుడుచుకున్నాడు. నీ కాలు నిలబడేదాకా ఒక్క అవకాశం ఇమ్మని బతిమాలాడు. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. తమ్ముడికి మాత్రం ఫోను చేసి, కొన్నాళ్ళు ఆగి రమ్మంది.

ఆరు వారాలు సెలవు పెట్టి అతను ఇంట్లోనే ఉన్నాడు. ఏవండీ అన్న మాట వినగానే ఛాతీ తనంతట తనే ఉబ్బేది. ఇదే, ఇదే అని తనకు తాను చెప్పుకుని "ఆఁ, చెప్పు" అని పైకి అనేవాడు. మొదట్లో కారు నేర్చుకునేవాడు బ్రేకు వెతుక్కున్నట్టు వెతుక్కునేవాడు. నాలుగో వారానికి మాట దానంతటదే వచ్చేది. నూకరత్నం పైకి ఏమీ అనలేదు గానీ, కర్ర ఊతంతో నడుస్తూ అప్పుడప్పుడు పాటలు కూనిరాగం తీసేది. అది అతనికి చాలాకాలం తర్వాత వినబడిన పాట.

సెలవు ముగిసి పనికి వెళ్ళేసరికి క్రేన్ల గది తలుపు ఎర్రదీపం వెలిగించింది.

మర్నాడూ ఎరుపే, ఆ మర్నాడూ ఎరుపే. తలనొప్పి తిరిగొచ్చింది, మధ్యాహ్నం కళ్ళు మూతలుపడుతున్నాయి. ఇదేం గొడవో అర్థం కాక మళ్ళీ పైడితల్లి దగ్గరికి వెళ్ళాడు. చదువరి చదివి చెప్పింది. గింజ చక్కగానే పనిచేస్తోంది. ఊపిరి ఆగిన ప్రతిసారీ ఏవండీ అని పిలుస్తోంది. పిలిచిన ప్రతిసారీ నరసింగరావు నిద్రలోంచి లేచి, "ఆఁ, చెప్పు" అంటున్నాడు. గంటకి ముప్పైసార్లు.

పైడితల్లి నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చుంది. మనిషి బాగుపడ్డాడు, వైద్యం చెడిపోయింది. ఇప్పుడు కొత్త మాట కావాలి. ఊపిరి తీయించాలి, లేపకూడదు. గింజ విన్న మాటల్లోంచి మూడువందలు ఏరి, అతన్ని క్లినిక్‌లో పడుకోబెట్టి ఒక్కొక్కటీ చదువరి చేత పలికించింది. అతని పేరు పలికితే లేచాడు. ఇంటిపేరు పలికితే లేచాడు. క్రేన్ల గదిలో మోగే గంటకి ఉలిక్కిపడి లేచాడు. నూకరత్నం గొంతుతో ఏది పలికినా ఇప్పుడు లేస్తున్నాడు. సాయంత్రానికి ఒక్క మాట మిగిలింది.

"ఈ మాటకు ఊపిరి నూటికి నూరుపాళ్ళు వచ్చింది" అంది చదువరి. "శరీరంలో ఇంకే భాగమూ కదలలేదు. గొంతు వీరిదే. మాట, 'ఇదిగో, వస్తున్నా'."

పైడితల్లి కిటికీలోంచి బయటకి చూసింది. నరసింగరావు చెవి వెనక గోక్కున్నాడు. ఆ మాట జీవితంలో ఎన్ని వేలసార్లు అన్నాడో, అన్నాక ఎన్నిసార్లు కుర్చీలోంచి లేచాడో అడగడానికి చదువరి ఉంది గానీ, ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఆ మాటే గింజలో నింపారు.

తెల్లారి పచ్చదీపం వెలిగింది. తర్వాత కూడా రోజూ పచ్చే. రాత్రంతా నరసింగరావు చెవిలో నరసింగరావే ఇదిగో వస్తున్నా, ఇదిగో వస్తున్నా అని చెబుతుంటాడు. ఆ భరోసాతో అతను హాయిగా నిద్రపోతాడు. పైడితల్లి గోడ మీది పటం మార్చింది. కొత్త ఫలితం తొంభై తొమ్మిది.

ఆ వచ్చిన ఆదివారం అతను హాల్లో చెస్ లెక్క ముందు కూర్చుని ఉండగా వెనక బాల్కనీలోంచి పిలుపు వినబడింది.

"ఏవండీ."

ఊపిరి లోపలికి వెళ్ళింది. ఇదిగో అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది బయటికొస్తే ఏం జరుగుతుందో లోకంలో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నోరు గట్టిగా మూసుకుని, ఒక్క మాట కూడా అనకుండా, లేచి వెళ్ళాడు.

నూకరత్నం కర్ర పట్టుకుని కటకటాల దగ్గర నిలబడి ఉంది. అతను పక్కకి వచ్చి నిలబడేసరికి ఉలిక్కిపడి చూసింది. ఏం కావాలని అడిగాడు. ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసి, కాసేపు తడుముకుంది.

"ఎందుకు పిలిచానో మర్చిపోయానండీ" అంది. "మీరొస్తారనుకోలేదు."